జన్యుశాస్త్ర ప్రాక్టికల్‌ను రికార్డు పుస్తకంలోంచి ప్రయోగశాల బల్ల మీదికి తీసుకురండి: ఇంటర్ బోర్డులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియెట్ బోర్డుల కార్యదర్శులకు, జీవశాస్త్ర పాఠ్యప్రణాళిక సంఘాల సభ్యులకు నమస్కారాలు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షించాలని, ఎర్ర రక్తకణాలను కొడవలిలా వంచే ఈ వంశపారంపర్య జబ్బును 2047 నాటికి నిర్మూలించాలని దాని లక్ష్యం. మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం రాసిన కార్డు ఇవ్వడం ఆ కార్యక్రమంలో భాగం. పాడేరు వైపైనా ఉట్నూరు వైపైనా, ఆ కార్డు ఇంటికి వస్తే దాన్ని చదివి పెద్దలకు చెప్పాల్సిన పని చాలాసార్లు ఇంటర్ బైపీసీ చదివే పిల్లల మీదే పడుతుంది. "క్యారియర్ అంటే జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" అని అమ్మ అడిగితే, సికిల్ జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేనివారే క్యారియర్ అని జవాబు చెప్పగలిగేలా మన ప్రాక్టికల్స్ వాళ్లను తయారు చేయాలి. ఇప్పుడు చాలా కాలేజీల్లో జన్యుశాస్త్ర ప్రాక్టికల్ అంటే వంశవృక్షం బొమ్మను రికార్డులో దించి సంతకం పెట్టించుకోవడమే.

మేం అడుగుతున్నది ఒక్కటే. ఈ ప్రాక్టికల్‌ను విద్యార్థి చేత్తో చేసి, కంటితో చూసి, చూసింది రాసే పనిగా మార్చండి. అయితే అందులో ఏ విద్యార్థి రక్తమూ, ఏ ఇంటి గుట్టూ వాడకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదురుతాయి. ఎలాగో వివరంగా రాస్తున్నాం.

మొదట తీసేయాల్సినవి రెండున్నాయి. ఒకటి నాలుక మడత. నాలుకను గొట్టంలా మడవగలగడం ఒకే జన్యువు వల్ల వచ్చే బహిర్గత లక్షణమని 1940లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ ప్రతిపాదించారు. 1952లో మ్యాట్‌లాక్ ఏకరూప కవలలను పరిశీలిస్తే, కొన్ని జంటల్లో ఒకరు మడవగలిగారు, ఇంకొకరు మడవలేకపోయారు. 1965 నాటికి స్టర్టెవాంటే తన ప్రతిపాదనను వదులుకున్నారు. అయినా మన వంశవృక్షాల్లో ఆ నాలుక ఇంకా మడత పడుతూనే ఉంది. చెవి తమ్మె సంగతీ అంతే, అది ఒక్క జన్యువుతో తేలే లక్షణం కాదు. "అమ్మానాన్నలిద్దరూ మడవలేరు, నేను మడవగలను" అన్న పిల్లకు పుస్తకం చెప్పే సమాధానం తప్పు. అది ఆ పిల్ల మనసులో నాటే అనుమానం అంతకంటే చెడ్డది.

రెండోది కుటుంబ సభ్యుల రక్త వర్గాల సర్వే. తండ్రిది ఓ, బిడ్డది ఏబీ అని తేలితే తరగతి గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. రాసుకొచ్చింది తప్పు కావచ్చు, పరీక్షలో పొరపాటు జరిగి ఉండవచ్చు, పిల్లను దత్తత తెచ్చుకుని ఉండవచ్చు. బాంబే రక్త వర్గం కూడా కావచ్చు. 1952లో బొంబాయిలో గుర్తించిన ఈ వర్గంలో హెచ్ పదార్థం తయారుకాదు కాబట్టి, 'ఏ' జన్యువో 'బీ' జన్యువో ఉన్నా పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. వాళ్ల పిల్లలకు మాత్రం ఆ జన్యువు అందుతుంది. ఇన్ని సాధ్యాసాధ్యాలు 17 ఏళ్ల పిల్లలకు తట్టవు, తట్టేది ఒక్కటే. పైగా ఒకే లాన్సెట్‌తో ఇద్దరి వేళ్లు పొడిస్తే హెపటైటిస్ బి అంటుకునే ప్రమాదం ఉంది. రక్త వర్గం పాఠానికి కల్పిత కుటుంబాలు చాలు.

ఇక చేర్చాల్సినవి. సంభావ్యతతో మొదలుపెట్టాలి. దీనికి ఖర్చే లేదు, అయినా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అష్టాచెమ్మాకు చేసుకున్నట్టు చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా అరగదీసి, జంటకు రెండు ఇవ్వండి. ఒక్కో పిక్క ఒక్కో క్యారియర్ తల్లి లేదా తండ్రి. తెలుపు పడితే మామూలు జన్యువు 'ఏ', నలుపు పడితే సికిల్ జన్యువు 'ఎస్', రెండూ నలుపైతేనే జబ్బు. రెండూ కలిపి ఒకసారి వేస్తే ఒక బిడ్డ, నాలుగుసార్లు వేస్తే ఒక కుటుంబం. అయితే వేయబోయే ముందు ఒక్కో పిక్కను విడిగా 50 సార్లు వేసి చూడాలి. అరగదీసిన పిక్క సగం సార్లే తెల్లగా పడుతుందన్న హామీ లేదు. 35 సార్లు ఒకే వైపు పడే పిక్కను పక్కన పెట్టి నాణెం తీసుకోవాలి. కొలిచే సాధనాన్ని ముందు సరిచూసుకోవడమనే అలవాటు కూడా ఇక్కడే మొదలవుతుంది.

15 జంటలు నాలుగేసి కుటుంబాల చొప్పున వేస్తే 60 కుటుంబాలు వస్తాయి. వాటిని బోర్డు మీద మూడు గడుల్లో రాయించండి: ఒక్కరికీ జబ్బు లేనివి, సరిగ్గా ఒక్కరికి ఉన్నవి, ఇద్దరికి లేదా అంతకంటే ఎక్కువ మందికి ఉన్నవి. లెక్క ప్రకారం రావాల్సింది సుమారు 19, 25, 16. "నలుగురిలో ఒకరికి" అనే మాటను నమ్మి, మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకునే కుటుంబాలున్నాయి. ఆ పొరపాటు ఆ మూడు అంకెలు చూశాకే వదులుతుంది. ప్రతి కాన్పుకూ అవకాశం మళ్లీ నాలుగింట ఒకటే, పిక్కకు కిందటిసారి ఏం పడిందో గుర్తుండదు.

వంశవృక్షాలను తీసేయమని మేం అనడం లేదు, మన కుటుంబాలకు సరిపోయేలా మార్చమంటున్నాం. పుస్తకాల్లోని పటాల్లో ఒక్కో తరం ఒక్కో వరుసలో బుద్ధిగా కూర్చుంటుంది. మేనమామ మేనకోడలిని చేసుకుంటే రెండు గీతల పెళ్లి గుర్తు రెండో వరుస నుంచి మూడో వరుసకు ఏటవాలుగా దిగాలి. చాలామంది విద్యార్థులు అక్కడే ఆగిపోతారు, లేదా మేనమామను కిందికి దించి అక్కకు కొడుకుగా గీసేస్తారు. ఈ గీత రావడానికి ఒక పీరియడ్ పూర్తిగా కేటాయించాలి. తర్వాత లెక్క: తాత ఒక్కరే క్యారియర్ అనుకుందాం. ఆయన కొడుక్కి ఆ జన్యువు అందే అవకాశం సగం, మనవరాలికి పావు. ఆ మేనమామ, మేనకోడలు ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, వాళ్ల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే 64లో ఒకటి. వెంటనే ఇంకో లెక్క వేయించాలి. ఒక సముదాయంలో పదిమందిలో ఒకరు క్యారియర్ అనుకుంటే, చుట్టరికం లేని ఇద్దరికి పుట్టే బిడ్డకు కూడా 400లో ఒకటి అవకాశం ఉంటుంది. "మాది మేనరికం కాదు, మాకేం భయం" అన్నమాట అప్పుడు ఎంతవరకు నిలుస్తుందో పిల్లలే తేల్చుకుంటారు.

డీఎన్ఏను బయటికి తీసే ప్రయోగం గురించి రెండు జాగ్రత్తలే చెబుతాం. ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి ఉంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. 90 శాతానికి పైబడినదే తీసుకుని ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టాలి. చేతులకు రాసుకునే 70 శాతం శానిటైజర్‌తో దారాలు సరిగా రావు. రెండోది, అరటిపండు గుజ్జు నుంచి పైకి తేలే తెల్లటి జిగురంతా డీఎన్ఏ కాదని చెప్పి తీరాలి. అందులో పెక్టిన్, ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ కూడా ఉంటాయి. ఆల్కహాల్‌ను గాజు గోడ వెంట నెమ్మదిగా జార్చకుండా గబగబా కలిపితే దారాలు తెగి తుంపులవుతాయి, పుల్లకు చుట్టుకోవు.

అసలు ప్రయోగం జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, అంటే డీఎన్ఏ ముక్కలను జెల్‌లో కరెంటుతో నడిపించి పొడవును బట్టి వేరుచేయడం. సికిల్ సెల్‌లో బీటా గ్లోబిన్ జన్యువు ఆరో కోడాన్‌లో జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ వస్తుంది. ఎంఎస్‌టీ-2 అనే ఎంజైము గుర్తుపట్టే చోటు సరిగ్గా అక్కడే ఉంది. మామూలు జన్యువును అది కోస్తుంది, సికిల్ జన్యువును అక్కడ కోయలేదు. డీఎన్ఏ ముక్కల్లో ఒక జన్యువును వెతికి చూపే సదరన్ బ్లాట్‌లో మామూలు జన్యువుకు 1.15 కిలోబేసుల పట్టీ, సికిల్ జన్యువుకు 1.35 కిలోబేసుల పట్టీ కనిపించేది అందుకే. ఇదే తర్కాన్ని మనిషి నమూనా ఏదీ లేకుండా చూపించవచ్చు.

పీయూసీ19 అనే ప్లాస్మిడ్ (బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ) 2,686 బేస్ జతల వలయం. దాన్ని ఈకోఆర్-1 ఎంజైముతో ఒక్కచోట కోస్తే 2,686 పొడవున్న ఒకే ముక్క అవుతుంది. దీన్ని ఎస్ ట్యూబ్ అందాం. ఈకోఆర్-1తో పాటు స్కా-1తో కూడా కోస్తే సుమారు 1,780, 900 పొడవున్న రెండు ముక్కలు వస్తాయి. ఇది 'ఏ' ట్యూబ్. రెండింటినీ సమానంగా కలిపితే క్యారియర్, అంటే ఏఎస్. రెండు ఎంజైములకూ సరిపడే బఫర్‌లో, మైక్రోగ్రాము డీఎన్ఏకు 5 యూనిట్ల చొప్పున వేసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 గంటలు ఉంచి, 80 డిగ్రీల వద్ద 20 నిమిషాలు వేడిచేసి ఆపాలి. ఎంజైములు గ్లిసరాల్‌లో వస్తాయి కాబట్టి మొత్తం ద్రవంలో ఎంజైముల వాటా పదో వంతు దాటకూడదు. గ్లిసరాల్ ఎక్కువైతే ఈకోఆర్-1 తనది కాని చోట కూడా కోస్తుంది.

ఈ కోత పని కాలేజీల్లో చేయాల్సిన అవసరం లేదు, చేయకపోవడమే మంచిది. జిల్లాకో కేంద్రంలో చేసి, అక్కడే జెల్ మీద సరిచూసి, లోడింగ్ డై కలిపి పంపితే చాలు. ఎంజైములకు మైనస్ 20 డిగ్రీలు తప్పనిసరి. కోసి డై కలిపిన డీఎన్ఏ అయితే మామూలు ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది, ఐస్ పెట్టిన ఫ్లాస్కులో బస్సులో కూడా పంపవచ్చు. ఒక్కో గ్రూపుకు ఆరు లేన్లు (జెల్‌లో ఒక్కో నమూనా నడిచే దారి), ఆరు గ్రూపులు, లేన్‌కు 400 నానోగ్రాములు అనుకుంటే ఒక బ్యాచ్‌కు 15 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్ సరిపోతుంది. లేన్‌కు 10 మైక్రోలీటర్ల నమూనా, 2 మైక్రోలీటర్ల డై.

జెల్‌కు 50 మిల్లీలీటర్ల 1ఎక్స్ టీఏఈ బఫర్‌లో అర గ్రాము అగరోజ్ (జెల్ కట్టే పొడి) వేసి, గాజు పలుకుల్లా మెరిసే రేణువులు ఒక్కటీ మిగలకుండా మరిగించాలి. చెయ్యి ఓర్చుకునేంత వేడికి, అంటే 55 డిగ్రీలకు దిగాక ట్రేలో పోయాలి. అంతకంటే వేడిగా పోస్తే ట్రే వంగిపోతుంది. దువ్వెన పళ్లకూ ట్రే అడుగుకూ మధ్య ఒక మిల్లీమీటరు సందుండాలి. లేకపోతే గుంత అడుగున చిల్లుపడి నమూనా కిందికి కారిపోతుంది. విద్యార్థి మాత్రం "నేను సరిగానే వేశాను సార్, ఏమీ రాలేదు" అంటాడు. వాడిది తప్పు కాదు.

ఏమీ రాకపోవడానికి ఇంకో పెద్ద కారణం బఫర్. 50ఎక్స్ సీసాలోది నీళ్లు కలపకుండా పోస్తే కరెంటు ఎక్కువై జెల్ కరిగిపోతుంది. బఫర్‌కు బదులు నీళ్లతో జెల్ చేస్తే డీఎన్ఏ సరిగా నడవదు. డీఎన్ఏకు రుణావేశం కాబట్టి గుంతలు నల్ల తీగ వైపు ఉండాలి, పరుగు ఎర్ర తీగ వైపు. తిప్పి పెడితే నమూనా నిమిషాల్లో వెనక్కి వెళ్లి బఫర్‌లో కలిసిపోతుంది. స్విచ్ వేసిన ఐదు నిమిషాలకు నీలం రంగు ఎటు కదిలిందో చూడమని పరీక్ష పత్రంలోనే ఒక ప్రశ్న పెట్టండి. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లయితే 75 వోల్టులు చాలు. నీలం రంగు మూడింట రెండొంతులు నడిచాక ఆపాలి, అప్పటికి 900 ముక్క దానికి వెనకే ఉంటుంది. పవర్ ప్యాక్ లేని కాలేజీలు ఐదు 9 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 45 వోల్టులతో నడపవచ్చు, సమయం దాదాపు రెట్టింపవుతుంది. ఇంటి కరెంటును నేరుగా ఇచ్చే సొంత ఏర్పాట్లను మాత్రం బోర్డు రాతపూర్వకంగా నిషేధించాలి.

గుంతలో నమూనా వేయడం ఒక్కసారికి రాదు. కిరాణా దుకాణంలో దొరికే చైనా గ్రాస్‌తో టిఫిన్ డబ్బాలో జెల్ పోసి, పంచదార కలిపిన రంగు నీళ్లతో ముందురోజే సాధన చేయించండి. అసలు ప్రయోగానికి మాత్రం చైనా గ్రాస్ పనికిరాదు. దానిలోని ఆవేశమున్న పదార్థం వల్ల పట్టీలు అలికినట్టు వస్తాయి.

రంగు విషయంలో రాజీ పడకండి. ఇథిడియం బ్రోమైడ్ డీఎన్ఏలో దూరి మార్పులు తెచ్చే పదార్థం, ఇంటర్ ప్రయోగశాలలో దానికి చోటు లేదు. సైబర్ సేఫ్ అనే రంగు, నీలి ఎల్‌ఈడీ దీపం, నారింజ రంగు తెర ఉంటే లేన్‌కు 100 నానోగ్రాములే చాలు. అవి లేకపోతే 0.025 శాతం మిథిలీన్ బ్లూలో అరగంట ఉంచి, నీళ్లు మారుస్తూ రాత్రంతా కడగాలి. పట్టీలు మర్నాటికే కనిపిస్తాయి కాబట్టి టైంటేబుల్‌లో వరసగా రెండు రోజులు ఇవ్వాలి.

ఇప్పుడు ఆరు లేన్లలో ఎవరెవరు? కొలత నిచ్చెన (పొడవులు తెలిసిన ముక్కల మిశ్రమం), తల్లి ఏఎస్, తండ్రి ఏఎస్, పెద్ద బిడ్డ ఎస్ఎస్, రెండో బిడ్డ ఏఏ. ఆరో లేన్ మీద మా పట్టుదల ఎక్కువ. అందులో కావాలనే స్కా-1 సగం కోసి వదిలేసిన 'ఏ' నమూనా పెట్టాలి. 2,686 పట్టీ మిగిలిపోవడంతో మామూలు వ్యక్తి అచ్చం క్యారియర్‌లా కనిపిస్తాడు. తరగతి అంతా "క్యారియర్" అని రాశాక అసలు విషయం చెప్పండి. కోత పూర్తయిందని రుజువు చేసే మరో నమూనా పక్కనే లేకుండా ఫలితం రాయకూడదని అప్పుడు తెలుస్తుంది. 900 పట్టీ మిగతావాటి కంటే వెలిసినట్టు ఎందుకుంటుందో కూడా అడగండి. ముక్క చిన్నదైతే దానికి పట్టే రంగూ తక్కువే. ఏఎస్ లేన్‌లో 'ఏ' ముక్కలు సగమే ఉంటాయి కాబట్టి అక్కడ అది అసలు కనిపించకపోవచ్చు. అయినా పై రెండు పట్టీలతో క్యారియర్‌ను గుర్తించవచ్చు.

ఊళ్లో చేసే తొలి పరీక్షకూ, ఆస్పత్రిలో చేసే నిర్ధారణ పరీక్షకూ తేడా చెప్పడానికి ఇంకో చిన్న ప్రయోగం చాలు. సాల్యుబిలిటీ పరీక్షలో సికిల్ హిమోగ్లోబిన్ కరగక ద్రవం మసకబారుతుంది, ట్యూబ్ వెనక పెట్టిన గీతలు కనిపించవు. మూడు ట్యూబుల్లో ఎర్ర రంగు నీళ్లు పోసి, రెండింట్లో కొన్ని చుక్కల పాలు కలపండి. ఒకటి ఏఎస్, ఒకటి ఎస్ఎస్ అని మీకే తెలియాలి. వార్తాపత్రిక అక్షరాల ముందు పట్టుకుంటే రెండూ ఒకేలా మసకగా ఉంటాయి. ఈ పరీక్ష ఎస్ ఉందని చెబుతుంది గానీ క్యారియరో రోగో చెప్పదు. అది తేల్చడానికి హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ లేదా హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ కావాలి. నెలల పసికందులకూ, తీవ్ర రక్తహీనత ఉన్నవారికీ, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారికీ తొలి పరీక్ష తప్పు చెప్పవచ్చు. ఇంకొక్క మాట: తల్లి సికిల్ క్యారియర్, తండ్రి బీటా తలసీమియా (బీటా గ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు) క్యారియర్ అయితే, రెండూ అందిన బిడ్డకు జబ్బు వస్తుంది. ఎస్ మార్పును మాత్రమే వెతికే డీఎన్ఏ పరీక్ష ఆ బిడ్డను వట్టి క్యారియర్‌గానే చూపిస్తుంది. పరీక్ష తనను అడిగినదానికే జవాబిస్తుందన్న సంగతి రిపోర్టు చదివే ప్రతివారికీ తెలియాలి.

ఈ ప్రయోగాలతో పాటు బోర్డు ఉత్తర్వుగా రావాల్సిన నిబంధనలున్నాయి. తరగతిలో ఏ విద్యార్థికీ జబ్బుకు సంబంధించిన జన్యు పరీక్ష చేయకూడదు. ఎవరి సికిల్ సెల్ కార్డునూ తరగతిలో చూపించమనకూడదు, ముఖ్యంగా ఆశ్రమ, గురుకుల కాలేజీల్లో. క్యారియర్ అన్న మాట బయటికి పొక్కితే ఆడపిల్ల పెళ్లి దాకా వెంటాడుతుంది. రుచి తేడాలు చూపించే పీటీసీ కాగితాలు వాడాలనుకుంటే కొన్నవే వాడాలి. ఆ రసాయనం విషపదార్థం కాబట్టి పొడి కొని కాలేజీలో కాగితాలు తయారుచేయకూడదు. ఇష్టంలేని విద్యార్థి చేయనక్కర్లేదు, మార్కులు తగ్గించకూడదు.

మార్కుల సంగతి కూడా మార్చాలి. పరీక్ష రోజున విద్యార్థికి నిజమైన జెల్ ఫొటో ఒకటి, కల్పిత కుటుంబం ఒకటి ఇవ్వండి. ఎవరేమిటో రాసి, తర్వాతి బిడ్డకు అవకాశమెంతో లెక్కగట్టి, ఆ తల్లికి చెప్పాల్సిన నాలుగు వాక్యాలు తెలుగులో రాయమనండి. ఆ నాలుగు వాక్యాలకు సగం మార్కులుండాలి. జెల్ రానివారు ఎందుకు రాలేదో సరైన కారణం రాస్తే పూర్తి మార్కులు ఇవ్వాలి. ఇది లేకపోతే పక్క గ్రూపు జెల్‌ను చూసి దించే అలవాటు పోదు.

సామగ్రికి దారి ఉంది. అగరోజ్, ప్లాస్మిడ్, ఎంజైములు మన దేశంలోనే దొరుకుతాయి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ స్టార్ కాలేజ్ పథకం కింద ప్రయోగశాలలు బాగుపడ్డ డిగ్రీ కాలేజీలను జిల్లా కేంద్రాలుగా ఎంచుకోవచ్చు. అధ్యాపకులకు రెండు రోజుల శిక్షణ ఇచ్చే పనికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలను బోర్డు అధికారికంగా అడగాలి. మొదటి ఏడు రెండు రాష్ట్రాల్లో ఏజెన్సీ జిల్లాల కాలేజీలతో మొదలుపెట్టండి. ఆ ఏడాది విద్యార్థుల జెల్ ఫొటోలు, చెడిపోయినవి కూడా కలిపి, తర్వాతి ఏడాది అధ్యాపకుల కరదీపికలో అచ్చువేయండి. ప్రయోగ పత్రాలు, నమూనా ప్రశ్నలు తెలుగులో రాసివ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
జన్యుశాస్త్రం బోధించే అధ్యాపకులు, ప్రయోగశాల సిబ్బంది